విరిగిన ముక్క చెప్పే సాక్ష్యం

(గార్డెన్ రీచ్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల భద్రతా శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నాకు అప్పగించిన విషయం కొంత విచిత్రమైనది. జీతభత్యాల గురించి గాని, ఖాళీల గురించి గాని మాట్లాడమని ఎవరూ కోరలేదు. ఉక్కు ఎందుకు విరుగుతుందో చెప్పమన్నారు. అందునా మామూలు ఉక్కు కాదు. కాల్చి, ముంచి, పదును పెట్టి, ఇతర లోహాలను కోయడానికీ పొడవడానికీ మనం వాడుకొనే గట్టి ఉక్కు, అనగా టూల్ స్టీల్, ఏ హెచ్చరికా లేకుండా ఎందుకు పగిలిపోతుందన్నది ప్రశ్న. నేను ఇంజనీరును కాను. డిగ్రీ చదివి, ముప్పది ఏండ్లుగా సంఘం పనిలో తిరుగుతున్నవాడిని. అయితే ఈ విషయం నా మెడకు చుట్టుకొన్న ఒక సందర్భం ఉన్నది. ఆ అనుభవమే నన్ను దీనిని నేర్చుకొనేటట్లు చేసింది. దానిని తరువాత చెబుతాను.

ముందుగా మనం కూర్చున్న ఈ చోటును తలచుకొందాము. గార్డెన్ రీచ్ అంటే హుగ్లీ నది ఒడ్డున ఉక్కు చుట్టూ పెరిగిన ఊరు. 1884లో నదిలో తిరిగే పడవల మరమ్మత్తు కొరకు వెలసిన చిన్న వర్క్‌షాపు 1960లో ప్రభుత్వ రంగంలోకి వచ్చి, నేడు యుద్ధనౌకలు కట్టే కర్మాగారమైనది. స్వతంత్ర భారతంలో నిర్మించిన మొదటి యుద్ధనౌక ‘అజయ్’ ఇక్కడిదే. ఇటు చూస్తే, ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం 1955 నుండి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంగా ఉన్నది. తూర్పు తీరపు రైలు మార్గంలోని ఉత్తర భాగం 1902లో బి.ఎన్.ఆర్. చేతికి వచ్చిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి మనవారు ఉద్యోగాల కొరకు ఈ లైను పట్టుకొని ఖరగ్‌పూర్ దాకా, ఇక్కడి దాకా వచ్చినారు. ఈ రైల్వే కార్మికులను కూడగట్టిన నాయకులలో ఒకరైన మన వి.వి. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయినారు. కాబట్టి ఉక్కుతో మన బంధం కొత్తది కాదు. దానిని అర్థం చేసుకోవడం కూడా సంఘం పనిలో భాగమేనని నా మనవి.

కాఠిన్యం వేరు, దార్ఢ్యం వేరు

‘గట్టి’ అనే ఒక్క మాటతో మనం రెండు వేర్వేరు గుణాలను చెబుతున్నాము. ఒకటి కాఠిన్యం. అంటే గీత పడకుండా, నొక్కు పడకుండా ఎదిరించే గుణం. రెండవది దార్ఢ్యం. అంటే దెబ్బను లోపలికి తీసుకొని, అవసరమైతే కొంత వంగి, విరగకుండా నిలిచే గుణం. గాజుకు కాఠిన్యం ఉన్నది, దార్ఢ్యం లేదు. వెదురుకు దార్ఢ్యం ఉన్నది, ఉలికి కావలసిన కాఠిన్యం లేదు. ఉక్కులో విచిత్రమేమంటే ఒకే కడ్డీని మనం గాజువైపుకైనా లాగవచ్చు, వెదురువైపుకైనా లాగవచ్చు. అయితే ఒకవైపు లాగినకొద్దీ రెండవవైపు తగ్గుతుంది. రెండూ పూర్తిగా ఒకేచోట దొరకవు.

ఇది మన పల్లె కమ్మరికి ఎప్పటినుండో తెలిసిన సంగతి. కొలిమిలో ఎర్రగా కాల్చిన కొడవలి అంచును నీటిలో ముంచి వెంటనే పొలానికి పంపడు. మరల కొంత వేడి చూపి, రంగు చూసి, అప్పుడు పదును కుదిరిందంటాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్లి కత్తులైనాయి. ‘ఉక్కు’ అనే మన దక్షిణాది మాటే పాశ్చాత్యుల నోట ‘వూట్జ్’గా మారినదని పండితులంటారు. అందులో కార్బన్ శాతం చాలా ఎక్కువ. ఐరోపా కమ్మరులు తమ అలవాటు ప్రకారం దానిని అధికంగా కాల్చి సమ్మెట వేసినప్పుడు అది ముక్కలైపోయింది. లోపం ఉక్కులో లేదు. దాని మర్యాద తెలియకపోవడంలో ఉన్నది.

లోపల ఏమి జరుగుతుంది?

మామూలు కార్బన్ టూల్ స్టీల్‌లో నూటికి 0.7 నుండి 1.4 పాళ్ల వరకు కార్బన్ ఉంటుంది. దానిని సుమారు 780, 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాల్చినప్పుడు ఇనుప పరమాణువుల అమరిక మారి, కార్బన్ వాటి నడుమ కరిగి కూర్చుంటుంది. మెల్లగా చల్లారనిస్తే కార్బన్ బయటకు వచ్చి వేరే పొరలుగా సర్దుకొంటుంది. అప్పుడు ఉక్కు మెత్తగా ఉంటుంది. ఒక్కసారిగా నీటిలోనో నూనెలోనో ముంచితే కార్బన్‌కు బయటపడే వ్యవధి ఉండదు. ఉన్నచోటనే బందీ అవుతుంది. దాని చుట్టూ ఉన్న ఇనుప అమరిక బిగుసుకొని వికృతమవుతుంది. ఈ బిగుసుకొన్న రూపాన్నే జర్మన్ శాస్త్రజ్ఞుడు మార్టెన్స్ పేరిట ‘మార్టెన్సైట్’ అంటారు. ఉలికి, పంచికి, డైకి అంత కాఠిన్యం వచ్చేది దీని వలననే.

అయితే మార్టెన్సైట్ అంతకు ముందున్న రూపం కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ముంచినప్పుడు పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలి భాగం తరువాత మారుతూ ఉబ్బుతుంది. అప్పటికే గట్టిపడి సాగలేని పైపొరను లోపలినుండి అది తన్నుతుంది. ఎక్కడైనా పదునైన మూల ఉన్నా, గాటు ఉన్నా, రంధ్రం అంచుకు దగ్గరగా ఉన్నా, పైపొర అక్కడ బీట వేస్తుంది. కొన్నిసార్లు ఆ చప్పుడు నీటి తొట్టి దగ్గర నిలబడిన వాడికి వినిపిస్తుంది. చాలాసార్లు వినిపించదు, కంటికి కూడా కనిపించదు.

ముంచిన ఉక్కును అట్లాగే వాడరాదు. 150 డిగ్రీలకు పైగా మరల కాచి, బందీ అయిన కార్బన్‌లో కొంత భాగాన్ని విడుదల చేసి, లోపలి బిగువును సడలించాలి. ఇదే టెంపరింగ్. మెరుగుపెట్టిన ఉక్కు మీద ఈ వేడికి రంగులు వస్తాయి. సుమారు 220 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 260 దగ్గర గోధుమ రంగు, 280 దగ్గర ఊదా రంగు, 300 దగ్గర నీలం కనిపిస్తాయి. గీకే పనిముట్టుకు గడ్డి రంగు చాలు. దెబ్బ తినే ఉలికి ఊదా దాకా పోవాలి. స్ప్రింగుకు నీలం కావాలి. టెంపరింగ్‌ను ఎగగొట్టిన పనిముట్టు కాఠిన్యం పరీక్షలో అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొంటుంది. మొదటి దెబ్బకు ముక్కలవుతుంది. అందువలన ‘కాఠిన్యం సరిపోయింది’ అన్న ఒక్క ధ్రువపత్రాన్ని మనం నమ్మరాదు.

పగులుకు మూల కావాలి

మరి అన్ని నియమాలూ పాటించి చేసిన భాగం కూడా విరుగుతున్నది కదా అని అడగవచ్చు. ఇక్కడ రెండవ సూత్రం ఉన్నది. 1913లో ఇంగ్లిస్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు నౌకా నిర్మాతల సభలో ఒక లెక్క చూపించినాడు. లాగుతున్న పలకలో గుండ్రని రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి మిగతాచోటి కంటె మూడింతలు ఉంటుంది. రంధ్రం సన్నని చీలిక అయినకొద్దీ దాని కొసన ఒత్తిడి ఇంకా అనేక రెట్లు పెరుగుతుంది. మెత్తని ఉక్కులో ఆ కొస కొంచెం సాగి మొద్దుబారి ప్రమాదం తగ్గుతుంది. గట్టి ఉక్కు సాగలేదు కనుక కొస ముందుకు దూసుకొనిపోతుంది. 1921లో ప్రచురితమైన వ్యాసంలో గ్రిఫిత్ గాజు కడ్డీల మీద పరీక్షలు చేసి, పగులు ఒక పరిమితి దాటితే తనంతట తానే పరుగెత్తుతుందని వివరించినాడు. అద్దాల దుకాణంలో గాజు కోసేవాడు చేసేది ఇదే. గీత ఒకటి గీసి తట్టుతాడు. గీత లేనిచోట అంత సులువుగా విరగదు.

గట్టి ఉక్కు భాగంలో ఆ గీత అనేక విధాలుగా రావచ్చు. తలకూ కాండానికీ మధ్య గుండ్రంగా ఉండవలసిన మూలను టర్నరు పదునుగా వదలివేయడం వలన రావచ్చు. లోతైన టూల్ గీతల వలన, కాఠిన్యం తగ్గకుండానే చెక్కిన నంబరు వలన, గ్రైండింగులో చల్లని నీరు చాలక పైపొర కాలడం వలన రావచ్చు. విద్యుత్ పూత వేసేటప్పుడు ఉక్కులోకి దూరిన హైడ్రోజన్ వలన కూడా రావచ్చు. పూత వేసిన వెంటనే భాగాన్ని సుమారు 200 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కాచకపోతే, బిగించిన బోల్టు ఎవరూ ముట్టుకోకుండానే మరునాడు తెగిపోవచ్చు.

మెత్తని ఉక్కు విరిగే ముందు వంగుతుంది, సాగుతుంది, కిర్రుమంటుంది. మన భాషలో చెప్పాలంటే నోటీసు ఇచ్చి సమ్మెలోకి దిగుతుంది. పెళుసు ఉక్కు నోటీసు ఇవ్వదు. ఈ ఒక్క తేడాను గుర్తుంచుకొంటే నేటి తరగతి సగం ఫలించినట్లే.

రైలు పట్టాకు దీనితో ఏమి పని?

రైలు పట్టా టూల్ స్టీల్ కాదు గదా అని లైను సోదరులు అనుకోవచ్చు. నిజమే. కాని పట్టాలోని కార్బన్ తక్కువేమీ కాదు. నూటికి 0.6 నుండి 0.8 పాళ్లు ఉంటుంది. అంటే కాల్చి ముంచితే గట్టిపడగల ఉక్కే. ఇంజను చక్రం ఒకేచోట జారి తిరిగితే పట్టా పైభాగం క్షణంలో ఎర్రగా కాలుతుంది. కింద ఉన్న చల్లని ఉక్కు ఆ వేడిని అంతే వేగంగా పీల్చివేస్తుంది. నీరు లేకుండానే ముంచినట్లవుతుంది. ఆ చోట మార్టెన్సైట్ మచ్చ ఏర్పడుతుంది, దానికి టెంపరింగ్ ఉండదు. బ్రేకు పట్టుకొని ఈడ్చుకుపోయిన చక్రం మీద పడే చదును మచ్చ కూడా ఇటువంటిదే. వెల్డింగు ఎలక్ట్రోడు పొరపాటున పట్టాకు తగిలినచోట పడే చిన్న చుక్క కూడా ఇటువంటిదే. అందువలననే పట్టాకు గ్యాసుతో రంధ్రం చేయరాదని నియమం. గంట పని మిగులుతుందని చేసిన ఆ రంధ్రం గట్టిపడిన అంచుతో, పగులుతో, శీతకాలం కొరకు ఎదురుచూస్తూ ఉంటుంది.

శీతకాలమని ఎందుకంటున్నానంటే, కీళ్లు లేకుండా పొడవుగా వెల్డు చేసిన 60 కిలోల పట్టాలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే సుమారు 1.9 టన్నుల లాగుడు పుడుతుంది. బిగించిన నాటి కంటె 20 డిగ్రీలు తగ్గిన పౌషమాసపు తెల్లవారుజామున ప్రతి పట్టా దాదాపు 38 టన్నుల బలంతో తనను తాను లాగుకొంటున్నదన్నమాట. ఆద్రా, చక్రధర్‌పూర్ సెక్షన్లలో చలి రాత్రి టార్చిలైటు పట్టుకొని నడిచే పెట్రోల్‌మన్ దేనిని వెదుకుతున్నాడో దీనిని బట్టి తెలుస్తుంది. 1998 నవంబరు 26 తెల్లవారుజామున పంజాబులోని ఖన్నా వద్ద విరిగిన పట్టా మీద ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెలు కొన్ని పట్టాలు తప్పినాయి. ఎదురు లైనులో వచ్చిన జమ్మూ తావి–సియాల్దా ఎక్స్‌ప్రెస్ వాటిని ఢీకొన్నది. 200 మందికి పైగా మరణించినారు. వారు చేరవలసిన సియాల్దా ఇక్కడికి ఎంత దూరమో మీకు తెలుసు.

నౌకల కథ కూడా ఇటువంటిదే. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ‘స్కెనెక్టడీ’ అనే కొత్త చమురు ఓడ రేవులో, నిశ్చలమైన నీటిలో, కట్టి ఉండగానే రెండుగా విరిగింది. అదే కాలంలో కట్టిన లిబర్టీ ఓడలలో కూడా అనేకం బీటువారినాయి. మొదట అందరూ వెల్డర్లను నిందించినారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే శాస్త్రజ్ఞురాలు పరీక్షలు చేసి, ఆ ఉక్కు కొంత చలికే పెళుసుబారుతున్నదని చూపించినది. హాచ్‌ల చదరపు మూలలలో పగుళ్లు మొదలైనట్లు కూడా తేలింది. వెల్డింగులో లోపాలు లేవని కాదు. కాని నేరమంతా పనివాడి చేతి మీద వేయడం తప్పని రుజువైనది. ఇంతకు ముందు, 1842లో పారిస్ వద్ద వెర్సాయ్ రైలు ప్రమాదంలో ఇంజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా చనిపోయినప్పుడు కూడా కారణాల వెదుకులాట ఇరుసు మెడ దగ్గరి మూలల దాకా వచ్చింది. మరుసటి సంవత్సరమే రాంకిన్ ఇరుసు మెడలను గుండ్రంగా చేయాలని చెప్పినాడు.

తపాలా సోదరులకు ఒక మాట. ఆర్.ఎం.ఎస్. వ్యాను కింద తిరిగే చక్రమూ ఇరుసూ ఈ కథలోనివే. మెయిల్ మోటార్ సర్వీసు మెకానిక్ చేతిలోని బేరింగు పూర్తిగా గట్టిపరచిన ఉక్కు. దాని రింగును స్టీలు సుత్తితో కొట్టి ఊడదీయడం అంటే గట్టి ఉక్కును గట్టి ఉక్కుతో కొట్టడమే. అప్పుడు ఎగిరే రేకు తుపాకి గుండు వంటిది. మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టడానికి అర నిమిషం పడుతుంది.

నా అనుభవం

ఇక నేను చెబుతానన్న సంగతి. ఊరు, కర్మాగారం పేర్లు అనవసరం. సుమారు పాతికేళ్ల క్రితం మాట. ప్రెస్సు మీద పలకలకు రంధ్రాలు పొడిచే ఒక పంచి పనిచేస్తుండగా తల కింద విరిగింది. ఒక రేకు ఆపరేటరు ఎడమ కంటిలోకి దూసుకొనిపోయింది. అతడింకా ఆసుపత్రిలో ఉండగానే ఛార్జిషీటు ఇంటికి వచ్చింది. నిర్ణీత మందం కంటె ఎక్కువ మందమైన పలక పెట్టినాడని, వంకరగా పెట్టినాడని, కళ్లద్దాలు ధరించలేదని మూడు ఆరోపణలు ఉన్నవి.

నేను ఆ రాత్రే మహజరు వ్రాసినాను. యాజమాన్యం నాసిరకం ఉక్కు కొన్నదని, కమీషన్ల కొరకు కార్మికుని కన్ను తీసినారని ఆవేశంగా వ్రాసినాను. నా దగ్గర ఒక్క రుజువూ లేదు. మరునాడు షాపుకు వెళితే పంచి ముక్కలు తుక్కు డబ్బాలో కూడా లేవు, ఊడ్చివేసినారు. అప్పుడు ఊడ్చే పనిమీద ఉన్న ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, తన టిఫిను డబ్బా మూత తీసి చూపించింది. తల ముక్క ఒకటి, కాండం ముక్క ఒకటి గుడ్డలో చుట్టి ఉన్నవి. “ఆ బాబు కంట్లోకి పోయింది దీని ముక్కే గదా, పారెయ్యడానికి చేతులు రాలేదు” అన్నది. ఆమెను ఎవరూ ఏ తరగతికీ పిలవలేదు. ఆనాడు ఆ షాపులో దర్యాప్తు అంటే ఏమిటో తెలిసినది ఆమెకే.

ఒక ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకుడు భూతద్దం కింద ఆ ముక్కలను చూసినారు. తెగిన ముఖం చాలాభాగం మెరిసే పంచదార రేణువుల వలె ఉన్నది. కాని తలకూ కాండానికీ మధ్యనున్న మూల దగ్గర గోరంత చోటు నల్లగా ఉన్నది. ఆయన చెప్పినది ఇది. మెరిసే భాగం ఆనాడు విరిగినది. నల్లని భాగం ఆనాటిది కాదు. అది పంచిని ముంచినప్పుడే పడిన బీట. తరువాత టెంపరింగ్ వేడికి ఆ బీట లోపలి ముఖం నల్లబడింది. కొత్తగా విరిగిన ముఖానికి కొలిమి రంగు రాదు. కాబట్టి ఆపరేటరు ముట్టుకోకముందే ఆ పంచి పగిలి ఉన్నది.

మొదటి ఆరోపణలు కూలిపోయినాయి. కాని ఆయన ఇంకొక మాట కూడా చెప్పినారు. ఉక్కు నాసిరకం కాదు. పరీక్షలో కార్బన్ సరిపోయింది, కాఠిన్యమూ సరిపోయింది. డ్రాయింగులో ఆ మూలను గుండ్రంగా చేయమని ఉన్నది, చేసిన పంచిలో మూల కత్తి అంచు వలె ఉన్నది. అంటే నా మహజరు కూడా ఛార్జిషీటు వలెనే అబద్ధం.

ఆ మూలను అట్లా వదలిన టర్నరు మన సభ్యుడు. దానిని కాల్చి ముంచినవాడూ మన సభ్యుడే. ఆ రాత్రి కమిటీలో పెద్ద వాదన జరిగింది. ఒకరిని కాపాడడానికి ఇద్దరిని అప్పగిస్తామా అని కొందరన్నారు. ముక్కలు దాచి, ఉక్కు నాసిరకమనే మాట మీదనే నిలబడదామని మరికొందరన్నారు. చివరకు ఆ టర్నరే లేచినాడు. ఆ ఆకారపు టూల్ బిట్ స్టోర్సులో లేదని, చేతితో గ్రైండు చేసుకొనే వ్యవధి లేకుండా తయారైన లెక్క మీదనే అదనపు చెల్లింపు పెట్టినారని, ముంచిన తరువాత పగుళ్లు చూసే పరీక్ష షాపులో ఎన్నడూ లేదని చెప్పినాడు. “నా చేతి పని నేను కాదనను. అయితే ఒక్క నా పేరే వ్రాయకండి, ఆ మూడు సంగతులూ కూడా వ్రాయండి” అన్నాడు.

మేము అట్లాగే వ్రాసినాము. నేను నా మొదటి మహజరును ఉపసంహరించుకొని రెండవది సమర్పించినాను. ఇన్నేండ్లలో అంత కష్టమైన కాగితం నేను వ్రాయలేదు. కొన్ని నెలల తరువాత ఛార్జిషీటు రద్దయినది. కళ్లద్దాల సంగతి అడిగితే, ఆ షాపుకు ఇచ్చిన అద్దాలు గీతలు పడి కనిపించనివని వారే ఒప్పుకొన్నారు. ముంచిన ప్రతి భాగాన్నీ పరీక్షించే ఏర్పాటు జరిగింది. టర్నరు మీద చర్య తీసుకోలేదు. ఆపరేటరు తిరిగి పనిలో చేరినాడు. కన్ను మాత్రం తిరిగి రాలేదు. నేను విజయం అనే మాట ఆ రోజు వాడలేదు, ఈ రోజూ వాడను.

మనం చేయవలసినవి

ఈ అనుభవం నుండి, తరువాత నేర్చుకొన్న దాని నుండి కొన్ని సూచనలు మీ ముందు ఉంచుతున్నాను.

1. విరిగిన భాగాన్ని పారవేయరాదు. రెండు ముఖాలను తిరిగి అతికించి చూడరాదు, రుద్దరాదు, కడగరాదు. పొడి గుడ్డలో విడివిడిగా చుట్టి, తేదీ, సమయం, యంత్రం పేరు వ్రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట అప్పగించి రసీదు తీసుకోవాలి. ఫొటో తీయాలి.

2. తెగిన ముఖాన్ని చదవడం నేర్చుకోవాలి. అలలు ఇసుక మీద వదలిన గీతల వంటివి కనిపిస్తే అది చాలాకాలంగా కొద్దికొద్దిగా పెరిగిన అలసట పగులు. అంతా మెరిసే రేణువులైతే ఒక్కసారి విరిగినది. నల్లని లేక రంగు తిరిగిన మచ్చ ఉంటే పాత బీట. తుది మాట ప్రయోగశాలది, మొదటి చూపు మనది.

3. గట్టి ఉక్కును గట్టి ఉక్కుతో కొట్టరాదు. సుత్తి ముఖాన్ని సుత్తి ముఖంతో ఎన్నడూ కొట్టరాదు. ఉలి తల పుట్టగొడుగు వలె విచ్చుకొంటే గ్రైండు చేసిన తరువాతనే వాడాలి. ఉలి తలను ఎవరూ గట్టిపరచరాదు, గట్టిపరచవలసినది కోసే అంచు మాత్రమే.

4. కొలిమిలో మరల కాల్చి సరిచేసుకొన్న పనిముట్టుకు టెంపరింగ్ తప్పదు. స్టోర్సులో కొత్తది లేదని మనమే ఆ పని చేస్తున్నామంటే, ఆ లేమిని లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

5. డ్రాయింగులో గుండ్రని మూల ఉన్నచోట పదును మూల కనిపిస్తే భాగాన్ని తిరస్కరించాలి. చేసినవాడు మన సభ్యుడైనా తిరస్కరించాలి.

6. చక్రం జారిన మచ్చ, ఎలక్ట్రోడు చుక్క, గ్యాసు రంధ్రం కనిపిస్తే చిన్నదని వదలక రిపోర్టు వ్రాయాలి. నకలు మన దగ్గర ఉంచుకోవాలి.

7. కంటికి అద్దం అడగడం పిరికితనం కాదు. రేకులు ఎగిరే పనిలో కళ్ల రక్షణను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షనులోనే చెప్పినారు. 2020లో పార్లమెంటు ఆ చట్టంతో పాటు మరికొన్నిటి స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడును ఆమోదించింది. చట్టం పేరు మారినంత మాత్రాన ఎగిరే రేకు వేగం తగ్గదు. చూపు ఆనే అద్దం ఇవ్వవలసిన బాధ్యత యాజమాన్యానిది, ఇచ్చినదానిని పెట్టుకోవలసిన బాధ్యత మనది.

సోదరీ సోదరులారా! ప్రమాదం జరిగిన వెంటనే ‘మానవ తప్పిదం’ అనే ముద్ర సిద్ధంగా ఉంటుంది. మనం కూడా అంతే వేగంగా ‘యాజమాన్యం కుట్ర’ అనే ముద్రను బయటకు తీస్తాము. ఈ రెండు ముద్రల మధ్య నిజం ఎవరికీ పట్టకుండా తుక్కు డబ్బాలోకి పోతుంది. విరిగిన ఉక్కుకు ఏ పక్షమూ లేదు. అది ఎక్కడ మొదట బీటువారిందో అక్కడే చూపిస్తుంది. ఆ చోటు ఒక్కొక్కసారి స్టోర్సులో ఉంటుంది, ఒక్కొక్కసారి డ్రాయింగు బల్ల మీద ఉంటుంది, ఒక్కొక్కసారి మన చేతిలోనే ఉంటుంది. ఎక్కడ ఉన్నా చెప్పగలిగిన సంఘం మాటకే విచారణ గదిలో విలువ ఉంటుంది.

ఆ టిఫిను డబ్బా తల్లి తరువాత పదవీ విరమణ చేసి సొంత ఊరు వెళ్లిపోయినది. ఇటువంటి తరగతి ఎక్కడ జరిగినా నేను ఆమెను ముందు తలచుకోవలసింది. నేడు చివర తలచుకొంటున్నాను, మన్నించండి. రేపు మీ షాపులో, మీ సెక్షనులో, మీ గ్యారేజీలో ఏదైనా విరిగితే, ముందుగా గాయపడినవారిని ఎత్తుకోండి. ఆ వెంటనే వంగి ఆ ముక్కను ఎత్తుకోండి.

సెలవు.